కంటి కాయ

జూన్ 15, ఆదివారం

నిన్న కార్ఖానాలో ఈయన కంటి నుంచి ఐగ్లాస్ మళ్ళీ జారిందట. ఈసారి పట్టుకారులో ఉన్న రాయి కూడా దాంతోపాటే ఎగిరిపోయింది. అందరూ పని ఆపి, నేల ఊడ్చి, ఆ దుమ్మును జల్లెడ పట్టి వెతికారట. దొరికింది. దొరక్కపోతే శేఠ్ నాలుగు తిట్టి ఊరుకునేవాడేమో. దొరికింది కాబట్టి నవ్వి, "బ్రహ్మచారి భాయ్, కొన్నాళ్ళు ఆకురాయి పని చూడు" అన్నాడట.

ఉంగరాల్లో రవ్వలు పొదిగే మనిషిని అంచులు అరగదీసే పనికి పంపాడు. ఈ సూరత్ కతర్‌గామ్‌లో ఈయన పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాళ్ళే ఇప్పుడు ఈయన ముందు కూర్చుని పొదుగుతారు.

ఈ సంగతి ఈయన నాకు చెప్పలేదు. కూరగాయల బండి దగ్గర పరుశురాం భార్య చెప్పింది. పరుశురాం అదే కార్ఖానాలో చేస్తాడు. ఆమె జాలిపడుతూ చెప్పింది. ఆ జాలి తగలెయ్య, వంకాయలు కొనకుండానే వచ్చేశాను.

ఈయన మాత్రం అన్నం తిని అద్దం ముందు కూర్చుని, కుడికంటి పైరెప్పను వేలితో ఒత్తి చూసుకున్నాడు. ముక్కు పక్కన మొదలై రెప్ప సగందాకా పాకిన పసుపు పచ్చటి బిళ్ళ. ఎడమ కంటికీ ఉంది, కాస్త చిన్నది. ఐగ్లాస్ అంటే చిన్న భూతద్దమే. దాన్ని కంటిగుంటలో ఇరికించి, చేతులతో పని చేసుకోవాలి. ఇరకాలంటే రెప్ప పట్టివ్వాలి. ఈ బిళ్ళ పెరిగాక పట్టు చిక్కడం లేదు.

"కాయ పెద్దగైందే భూదేవీ. జర కోయిచ్చుకోవాలె" అన్నాడు.

రేపటి నుంచి డాక్టరును వెతకాలి. మొగుడు పేరుకే బ్రహ్మచారి, ఆయన పనులన్నీ నా నెత్తినే.

జూన్ 17, మంగళవారం

బడిలో ఈరోజు 'కాయలు కాచాయి' అనే మాటతో సొంతవాక్యం రాయమన్నాను. మున్సిపాలిటీవాళ్ళ తెలుగు బడి మాది. పిల్లలు తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తారు. సగం మంది చెట్టుకు కాయలు కాచాయని రాశారు. ఒక పిల్ల మాత్రం 'మగ్గం నడిపి మా నాన్న చేతులు కాయలు కాచాయి' అని రాసింది. దానికి వెరీగుడ్ పెట్టాను.

'కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాను' అనే వాక్యం కూడా చెప్పాలి. చెప్పబోయి ఆగిపోయాను. పెళ్ళయ్యేదాకా అది నాకు ఉత్త మాటే. అత్తింటికి వచ్చాకే నిజంగా కంటికి కాచిన కాయ చూశాను. గోడమీద మామ ఫోటో చూపించి మా అత్త చెప్పింది. ఆయన పేరు ఆగయ్య. జగిత్యాలలో అవుసల పనికి, అంటే కంసాలి పనికి, ఆయన తర్వాతే ఎవరైనా అట. ఫోటోలో రెండు రెప్పల మీదా ఈ బిళ్ళలే ఉన్నాయి. ఐగ్లాస్ ఒత్తి ఒత్తి కాసిన కాయ అది, చెయ్యి తిరిగిన పనివాడికే కాస్తుంది అన్నది. నేను ఆ ఇంటికి రాకముందే మామ పోయాడు. కుంపటి ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. అప్పటికి ఏభై ఒకటి. పనిలో పోయాడు, పుణ్యాత్ముడు అని ఊరంతా అన్నారట.

కొత్తలో నాకు ఓ అనుమానం వచ్చి ఈయన్ని అడిగాను. ఐగ్లాస్ పెట్టేది కుడికంటికే కదా, ఎడమ కంటికెందుకు కాసింది అని.

"కుడికన్ను చూసేటప్పుడు ఎడమది గట్టిగ మూసి వెట్టాలె గదా. మూసి మూసి దానికి గూడ కాసింది" అన్నాడు.

ఎంత బాగా చెప్పాడో. మళ్ళీ అడగబుద్ధి కాలేదు.

జూన్ 19, గురువారం

పర్వత్ పాటియాలో చర్మం డాక్టరు. బయట లైను, లోపల ఏసీ. ఆయన రెప్పలను లైటు వేసి చూశాడు, నోరు తిరగని పేరేదో చెప్పాడు. ముట్టుకునే ముందు పరగడుపున రక్తపరీక్ష చేయించుకు రమ్మని కాగితం రాసిచ్చాడు. కంటి రెప్పకదా, కళ్ళ డాక్టరుకు కూడా చూపించుకోండి అన్నాడు.

ఈయన బయటికొచ్చి చెప్పుల్లో కాళ్ళు పెడుతూనే మొదలుపెట్టాడు.

"కాయ గోయనీకి నెత్తురెందుకే? చెప్పు కుట్టిచ్చుకుంటానికి పోతె కాలు ఎక్సరే తియ్యాలె అన్నట్టున్నది."

నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది.

జూన్ 20, శుక్రవారం

రక్తపరీక్ష కాగితం ఫ్రిజ్ మీద పెట్టాను. సాయంత్రానికి ఫ్రిజ్ వెనక ఉంది.

జూన్ 29, ఆదివారం

మా అమ్మాయి సంతోషి ఆఫీసులో ఎవరో చెప్పారని ముగ్గురం ఒక బ్యూటీ క్లినిక్‌కు వెళ్ళాం. అది కంప్యూటర్ మీద నగల డిజైన్లు గీస్తుంది. ఇరవై మూడేళ్ళు. దాని డిజైన్లకు బయట మంచి పేరే ఉంది. తండ్రి లెక్కలో మాత్రం అది పని కాదు. "కంటికి కాయ రాకుంట, చేతికి మసి అంటకుంట ఏం పనే గది" అంటాడు. అది నవ్వి వదిలేస్తుంది. నాకే కోపమొస్తుంది.

క్లినిక్‌లో అమ్మాయి చూసి, "దీన్ని యాసిడ్ పెట్టి తీసేస్తాం అంకుల్, నాలుగైదు సార్లు రావాలి. కోత ఉండదు, పరీక్షలుండవు" అన్నది. ఆమె డాక్టరా అని సంతోషి గుజరాతీలో అడిగితే, మేడమ్ డాక్టరే, బుధవారం వస్తారు అన్నది.

దారిపొడుగునా ఈయన నవ్వుతూనే ఉన్నాడు. యాసిడ్‌ట, యాసిడ్ అని. బంగారం కడగడం, మైల తీయడం పుట్టినప్పటి నుంచి చేస్తున్న పని. ఏ నగకు ఎంత నీళ్ళు కలపాలో చూపుతోనే చెప్తాడు. ఆ పిల్ల వచ్చి నాకు యాసిడ్ గురించి చెప్తదా అని నవ్వు.

చాలా రోజుల తర్వాత నవ్వాడు కాబట్టి నేనూ నవ్వాను.

జూలై 3, గురువారం

మూడో అంతస్తు మెట్లెక్కి వచ్చి రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు. గ్యాస్. జీలకర్ర నీళ్ళు కాచి ఇచ్చాను.

జూలై 5, శనివారం

కళ్ళాసుపత్రి. అక్కడి డాక్టరు కన్ను బాగానే ఉంది, రెప్ప నా పని కాదు, చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు. అక్కడినుంచే ఇటు పంపారయ్యా అన్నాను. రెప్ప చర్మానిదా కంటిదా అని వీళ్ళలో వీళ్ళకే తేలలేదు. చివరికి ఒక ముసలి నర్సు చెప్పింది, ఒక్క కనురెప్పలకే ప్రత్యేకంగా చదివిన డాక్టరు ఒకామె ఉంది, నెలలో రెండు గురువారాలే ఇక్కడ చూస్తుంది అని. రెప్పకు కూడా ఒక చదువుంటుందని నాకిప్పుడే తెలిసింది.

పేరు రాయించాం. పదిహేడున రమ్మన్నారు.

"గంత దూరమా" అన్నాడు ఈయన. కార్ఖానాలో ఆకురాయి పట్టడం ఆయనకు ప్రతిరోజూ చెంపదెబ్బే. నాకు తెలుసు. అయినా మాటకు, "ఇన్నేళ్ళు మోసినవాడివి, ఇంకొన్నాళ్ళు మొయ్యలేవా" అన్నాను.

జూలై 10, గురువారం

మళ్ళీ గ్యాస్. శనగపిండి బంద్ చేశాను.

జూలై 13, ఆదివారం

దేవుడా కన్ను దక్కించు.

జూలై 15, మంగళవారం

ఈరోజు రాయగలను.

ఆదివారం పొద్దున నేను బియ్యం కడుగుతున్నాను. సంతోషి తలస్నానానికి వెళ్ళింది. ఈయన బాల్కనీలో అద్దం పెట్టుకుని కూర్చున్నాడు. గడ్డం గీసుకుంటున్నాడనుకున్నాను. కార్ఖానా నుంచి చిన్న సీసాలో యాసిడ్ తెచ్చుకున్నాడట. నీళ్ళు కలిపి, అగ్గిపుల్లకు దూది చుట్టి, రెప్ప మీద బిళ్ళ మేరకు అద్దుకున్నాడు. చెయ్యి వణకలేదు, గీత దాటలేదు. ఆ చెయ్యి ఎప్పుడూ దాటదు. కానీ మంట పుట్టగానే కన్ను రెప్ప కొట్టుకుంది. నగ రెప్ప కొట్టుకోదు కదా.

అరవను కూడా లేదు. "భూదేవీ, నీళ్ళు" అన్నాడు, మంచినీళ్ళు అడిగినట్టు. వెళ్ళి చూస్తే కన్ను మూసుకుని ఉంది, రెప్ప తెల్లగా ఉడికిపోయి ఉంది. కుళాయి కింద తల పెట్టించి రెప్ప తెరిచి పట్టుకుని కడిగాను. సంతోషి తడిజుట్టుతోనే వచ్చి ఆటో పిలిచింది. ఆటోలో కూడా సీసాలతో నీళ్ళు పోస్తూనే ఉన్నాం.

బాగా కడిగారు కాబట్టి కన్ను నిలిచింది అన్నారు ఆసుపత్రిలో. నిలిచింది, అంతే. నల్లగుడ్డు మీద పొగ పట్టినట్టు ఒక మచ్చ ఉండిపోతుంది. మనుషులు కనపడతారు, అక్షరాలు కనపడతాయి. రవ్వను పట్టి ఉంచే సన్నటి పంజా కనపడదు.

కుడికన్ను. ఐగ్లాస్ పెట్టే కన్ను.

ఈయన ఏడవలేదు. నేనూ ఆయన ముందు ఏడవలేదు. బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను. ఎంత తెలివిగల చెయ్యి, ఎంత మూర్ఖపు పని.

జూలై 31, గురువారం

పదిహేడున చూపించాల్సిన రెప్పల డాక్టరుకు పుండు మానాక ఈరోజు చూపించాం. గుజరాతీ ఆవిడ, ఇంచుమించు నా ఈడు. హిందీలో నిదానంగా మాట్లాడింది. కాలిన రెప్పను చూసి ఎలా జరిగిందని అడిగింది. ఈయన దాచకుండా చెప్పాడు. ఆమె తిట్టలేదు. తిడుతుందని ఆశపడ్డాను, నా బదులు ఒకరు తిడితే బాగుండేది.

తర్వాత, "ఈ పసుపు మచ్చలు ఎప్పటి నుంచి?" అని అడిగింది.

ఈయన తన వాదమంతా చెప్పాడు. ఐగ్లాస్ ఎలా పెడతారో నీళ్ళ సీసా మూత కంటికి పెట్టి చూపించాడు కూడా. ఆమె నవ్వకుండా మొత్తం విన్నది. ఈయన బొటనవేలు పట్టుకుని అక్కడి కాయను నొక్కింది. ఎడమ కంటి రెప్ప మీద బిళ్ళను నొక్కింది. తర్వాత ఆయన వేలితో ఆయన చేతే రెండూ నొక్కించింది.

"ఏం తేడా ఉంది?"

"గిది గట్టిగున్నది. గిది మెత్తగున్నది" అన్నాడు. మెల్లగా అన్నాడు.

"కాయ బయటి ఒత్తిడికి చర్మం మీద పుడుతుంది భాయ్. ఇది లోపలి నుంచి వచ్చింది. రక్తంలో ఎక్కువైన కొవ్వు తెచ్చి ఇక్కడ పెట్టింది. మీ నాన్నగారికీ ఉన్నాయన్నారు కదా, ఆయన ఎన్నో ఏట పోయారు?"

ఏభై ఒకటి అని నేనే చెప్పాను. ఈయనకిప్పుడు నలభై తొమ్మిది. ఆమె కలం పక్కన పెట్టేసింది.

"వీటిని కోసి తీయడం నాకు చిన్న పని. కానీ ఇవి నాకు కనపడే చోట పడ్డాయి. కనపడని చోట ఎంత పడిందో ముందు చూడాలి. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

రాదన్నాడు ఈయన. వస్తుందన్నాను నేను. గ్యాస్ అని ఈ డైరీలో ఎన్నిసార్లు రాసుకున్నానో, ఆ మాట ఆమె ముందు నా నోట రాలేదు.

రక్తపరీక్ష, గుండె డాక్టరు, ఆ తర్వాతే రెప్పలు. అన్నదమ్ములకూ పిల్లలకూ కూడా పరీక్ష చేయించమన్నది.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో కూర్చుని 'కొవ్వు' అనే మాటే అనుకుంటున్నాను. మా ఇంట్లో ఈ రోగాన్ని మొదట కనిపెట్టింది సదానందం, ఫీజు కూడా తీసుకోకుండా. ఈయన తమ్ముడు. పని నేర్చుకుంటానని సూరత్ వచ్చి మూడేళ్ళు మా ఇంట్లో ఉన్నాడు. ఒకరోజు ఏదో గొలుసు పాడుచేశాడు. ఈయన నా ముందే అన్నాడు, "నీ కండ్లకు కాయ గాయలే, ఇగ కాయది. బాపు చెయ్యి నీకు రాలేదు. నువ్వు అవుసలోనివే కాదు" అని. సదానందం గుమ్మంలో నిలబడి, "నీ కండ్లు కొవ్వెక్కినయ్ అన్నా" అని వెళ్ళిపోయాడు. బార్డోలీ చక్కెర మిల్లులో చెరకు బండ్లు తూచే కాటా దగ్గర చేరాడు. బస్సెక్కితే ఎంతో దూరం లేదు. సంతోషి అప్పుడు ఫ్రాకులు వేసుకునేది.

ఆగస్టు 5, మంగళవారం

రక్తంలో చెడ్డ కొవ్వు ఉండాల్సిన దానికి మూడింతలు. గుండె నరం ఒకటి సన్నబడింది. ఇప్పుడే పట్టుకున్నాం కాబట్టి మందులతో చూద్దాం అన్నాడు గుండె డాక్టరు. ఇంకో ఏడాది ఆగి ఉంటే అని ఏదో అనబోయి, నా మొహం చూసి ఆపేశాడు.

యాసిడ్ పోసుకోకపోతే ఈయన ఈ పరీక్ష చేయించుకునేవాడు కాదు. కన్ను పోయి ప్రాణం నిలిచింది అనుకోవాలా? అలా అనుకోబుద్ధి కావడం లేదు. రెండూ కావాలనిపిస్తోంది నాకు.

ఆగస్టు 9, శనివారం

జంధ్యాల పౌర్ణమి. మనవాళ్ళందరూ కలిసేచోటికి వెళ్ళి జంధ్యం మార్చుకుని వచ్చాడు. అక్కడ ఎవరో, "కండ్లకేమైంది చారీ" అని అడిగారట. "కొవ్వు" అన్నాడట. వాళ్ళు పరాచికమనుకుని నవ్వారట.

ఆగస్టు 16, శనివారం

సంతోషి రిపోర్టు వచ్చింది.

దాని కళ్ళ మీద ఏమీ లేదు. ఐగ్లాస్ ముట్టుకోలేదు. కుంపటి ముందు కూర్చోలేదు. తండ్రికి మందులు వేయకముందు కొవ్వు ఎంత ఉందో, దానికీ కాస్త అటూ ఇటూగా అంతే ఉంది. నాదీ చేశారు. నాది సరిగ్గా ఉంది. నాది బాగుందని డాక్టరు అంటే సిగ్గేసింది.

ఈయన రిపోర్టును ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఇంగ్లీషు ఈయనకు రాదు. పేరు ఒక్కటే చదవగలడు.

ఆగస్టు 20, బుధవారం

సంతోషికి డాక్టరు రాసిన గోలీల అట్ట అలాగే ఉంది. కొన్నరోజు ఎలా ఉందో అలాగే.

ఆగస్టు 24, ఆదివారం

అడిగాను. "మమ్మీ, ముజే కుచ్ నహీ హువా. ఇరవై మూడేండ్లకు జిందగీ భర్ గోలీలా?" అంటుంది. తనకేమీ కాలేదట, బతుకంతా మాత్రలెందుకట. అసలు కారణం అది కాదు. రేపు పెళ్ళయి పిల్లలు కావాలనుకున్నప్పుడు ముందే వచ్చి చెప్పాలి, అప్పుడు ఈ మందు ఆపాలి అన్నాడు డాక్టరు. ఆ మాట విన్నప్పటి నుంచి అది గోలీని చూస్తేనే మొహం తిప్పుకుంటోంది. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు ఏ రోగమని అడిగితే ఏం చెప్పను అంటుంది. నాలుగు తిట్టాను. తిడితే పని జరిగే వయసు దాటిపోయింది దానికి.

ఆగస్టు 31, ఆదివారం

కార్ఖానాలో ఈయనకు ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళకు పని చూపించే కుర్చీ ఇచ్చారు. శేఠ్ మంచివాడే అనాలి. ఈయన మాత్రం ఆ కుర్చీలో ఎలా కూర్చుంటున్నాడో నాకు చెప్పడు, నేను అడగను.

ఈరోజు అన్నాలప్పుడు సంతోషి ముందు గోలీ పెట్టి తన గోలీ తను వేసుకున్నాడు. అది లేవబోయింది.

"కూసో బిడ్డా" అన్నాడు. "నాది కాయ అనుకున్న. మా బాపుది గూడ గంతే అనుకున్న. కాయలు పిల్లలకు రావు. మా బాపు చేతికున్నయి నాకు రాలే, నావి నేనే కాయిచ్చుకున్న. గిదొక్కటి వచ్చింది. నా నుంచి నీకు వచ్చింది."

సంతోషి తల వంచుకుని కూర్చుంది.

"బాపు పనిల పోయిండని అందరికి గొప్పగ చెప్పుకున్న. పనిల పోలె. రొమ్ముల నొస్తున్నదని వారం రోజులు అన్నడు. అమ్మ వాము నీళ్ళిచ్చింది. గప్పుడు చూసేటోళ్ళు లేకుండె. ఇప్పుడున్నరు గదా."

జీలకర్ర నీళ్ళు ఇచ్చిన నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను. ఈయన నన్ను అనలేదు. అననక్కర్లేదు.

సంతోషి గోలీ తీసుకుని గదిలోకి వెళ్ళింది. వేసుకుందో లేదో చూడలేదు.

సెప్టెంబర్ 1, సోమవారం

వేసుకోలేదు. దిండు కింద ఉంది.

సెప్టెంబర్ 7, ఆదివారం

"బార్డోలీ పోదాం" అన్నాడు పొద్దున్నే. నేను చీర మార్చుకునేలోపే చెప్పులు వేసుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఆలస్యమైతే మనసు మార్చుకుంటానని భయం కాబోలు.

మిల్లు బందు ఉన్న రోజులు. సదానందం ఇంట్లోనే ఉన్నాడు. తలుపు తీసి అన్నను చూసి, ముందు ఆ కుడికన్ను చూసి, పక్కకు జరిగాడు. లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. "రా వదినె" అని మాత్రం నాతో అన్నాడు. జుట్టు నెరిసింది. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి, రెప్పల మీద చిన్న మచ్చ కూడా లేదు. నేను తినేసేలా చూశానేమో, తల తిప్పుకున్నాడు.

అతని భార్య చాయ్ ఇచ్చింది. అన్నదమ్ములిద్దరూ చాయ్ చల్లారేదాకా గ్లాసుల్లోకే చూస్తూ కూర్చున్నారు. నేను నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో వాళ్ళకేం తెలుసు.

చివరికి ఈయనే అన్నాడు. "తమ్మీ, నువ్వు నెత్తురు పరీక్ష చేయిచ్చుకోవాలె."

"ఎందుకు?"

"బాపుకు కండ్ల మీదున్నది కాయ గాదు. కొవ్వు. నాకు గూడ గదే. గుండెకు వట్టింది. సంతోషికి గూడ ఉన్నది."

సదానందం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "సంతోషికా?" అన్నాడు. అన్న గుండె గురించి అడగలేదు. చిన్నప్పుడు దాన్ని భుజాన వేసుకుని చౌటా బజారంతా తిప్పింది అతనే.

"నాకు కాయ రాలే గదా. నాకేముంటది" అన్నాడు. అందులో పాత కోపం కొంచెం ఉంది.

"సంతోషికి గూడ కండ్ల మీద ఏం లేదు. లోపలున్నది" అని, ఈయన తల వంచుకుని, "నేనప్పుడు అన్నది తప్పు. పనికి కాయకు ఏం సంబంధం లేదు. నీ చెయ్యి మంచిదే ఉండె" అన్నాడు.

ఇలాంటి మాట ఈయన నోట నా పెళ్ళైన ఇన్నేళ్ళలో వినలేదు. నాతో ఒక్కసారైనా అన్నాడా. సరే, అది వేరే లెక్క.

సదానందం లేచి చెప్పులు వేసుకున్నాడు. బస్టాండు దాకా వచ్చి బస్సు ఎక్కించాడు. పెత్తరమాసకు, అదే పెద్దల అమావాస్యకు, ఈసారి రా అన్నాను నేను. తండ్రి ఒక్కడే అయినా ఆయన పేరున బియ్యం ఇచ్చేది ఇన్నేళ్ళూ రెండిళ్ళల్లో. చూస్త వదినె అన్నాడు.

సెప్టెంబర్ 14, ఆదివారం

బార్డోలీ నుంచి ఫోన్ లేదు. ఈయన ఫోన్ చార్జింగ్‌లో పెట్టి పక్కనే కూర్చుంటున్నాడు. అడిగితే పాటలు వింటున్నానంటాడు.

సెప్టెంబర్ 21, ఆదివారం

పెత్తరమాస.

వంట మొదలుపెట్టేసరికి సదానందం వచ్చాడు, ఒక్కడే. సంచీలో తోటకూర కట్టలు, బెల్లం దిమ్మ. నా చేతికిచ్చి స్నానం చేసి వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు. అయ్యగారు పేర్లు అడిగితే ఇద్దరూ ఒకేసారి ఆగయ్య అన్నారు. అయ్యగారు ఇద్దరి మొహాలూ చూసి నవ్వాడు. బియ్యం ఇద్దరి చేతులూ కలిపే ఇప్పించాడు.

మామకు విస్తరి వేశాను. ఆయనకు ఇష్టమని గారెలు చేశాను, ఆయనకు మాత్రమే. ఆయనకిక ఏ కొవ్వూ ఏమీ చేయలేదు. మాకు తోటకూర, పప్పు. ఇంట్లో పెద్దల పండుగ నాడు ఇంత చప్పటి తిండి నేనెప్పుడూ వడ్డించలేదు.

తినడం అయ్యాక సదానందం జేబులోంచి మడిచిన కాగితం తీసి అన్న ముందు పెట్టాడు. ఈయన దాన్ని అందుకుని, చదవలేక, సంతోషికిచ్చాడు. సంతోషి నిలబడే చదివింది.

"ఏం లేదు బాపూ. కాకాది అంతా నార్మల్."

ఈయన కళ్ళు మూసుకుని గోడకు చేరబడ్డాడు. "మంచిగైంది తమ్మీ. మంచిగైంది" అన్నాడు. ఆ మాటలో ఎక్కడా వంకర లేదు. నాకు కూడా నిజంగానే సంతోషం కలిగింది. దాని వెనకే, మరి నా బిడ్డకెందుకు అనిపించింది.

సదానందం తండ్రి ఫోటో వైపు చూస్తున్నాడు. పొద్దున నేను బొట్టు పెట్టి దండ వేసిన ఫోటో. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"బాపు పనిముట్ల పెట్టె నీకిచ్చిండు. పేరు నీకిచ్చిండు. నాకేం ఇయ్యలే అని గిన్నేండ్లు ఏడ్చిన అన్నా" అన్నాడు.

ఈయన తమ్ముడి మోకాలి మీద చెయ్యి వేశాడు.

సంతోషి కాగితం మడిచి కాకా చేతిలో పెట్టింది. "నాకిచ్చిండు కాకా" అన్నది. "నేను చూడనే చూడలే తాతను. నాకిచ్చిండు."

ఏడవలేదు అది. నవ్వనూ లేదు. సదానందం లేచి దాన్ని దగ్గరికి తీసుకుని తల నిమిరాడు. దాని ఎత్తు ఇప్పుడు అతని భుజం దాటింది.

వాళ్ళనలా వదిలేసి నేను విస్తళ్ళు తీయడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి సంతోషి నీళ్ళ గ్లాసు పట్టుకుని ఫోటో ముందు నిలబడి ఉంది. అందరం చూస్తుండగానే గోలీ వేసుకుని నీళ్ళు తాగింది.